మూడో సీసా

మెంఫిస్ నగరానికి దక్షిణాన, రైలు పట్టాలకు ఇవతల ఉన్న న్యూ షైలో బాప్టిస్టు సంఘంలో సాక్ష్యమంటే ఆర్డెల్లా మాక్లిన్ చెప్పాలి, తక్కినవారు వినాలి. ఈ మాట అన్నది ఆమెను మెచ్చుకునేవారు కాదు. ముప్పైఏళ్లుగా మొదటి వరుసలో ఆమె పక్కనే కూర్చుంటూ, ముప్పైఏళ్లుగా ఆమెతో పోటీపడి ఓడిపోతూ వస్తున్న లూ ఎస్తేర్ గ్రీర్. ఇద్దరినీ సంఘం 'మదర్' అనే పిలుస్తుంది. నెలలో మొదటి ఆదివారం తెల్లగౌను, తెల్లటోపీ, తెల్లని చేతితొడుగులు ధరించి, మరి ముగ్గురు వృద్ధస్త్రీలతో కలిసి వారు ఆ బల్లమీద కూర్చుంటారు. ప్రసంగంలో పాస్టరుగారు దారి తప్పితే ఆ అయిదుగురిలో ఒకరు గొంతు సవరించుకుంటారు. ఆయన మారుమాట లేకుండా దారికి వస్తాడు.

సాక్ష్యానికి ఒక కట్టడి ఉంది. లేచి నిలబడిన మనిషి మొదట తాను పడిన గుంటను చెప్పాలి. ఆ తరువాత తనను పైకి లాగిన చేతిని చెప్పాలి. గుంట లేని సాక్ష్యం ఉప్పు లేని కూర. చెయ్యి లేనిది అసలు సాక్ష్యమే కాదు. గుంట ఎంత లోతైతే అందులోకి చాచిన చెయ్యి అంత పొడవైనదని అందరూ ఎరుగుదురు గనుక, నేర్పు గల సాక్షి గుంటను ఉన్నదానికంటె మూరెడు ఎక్కువే తవ్వుతుంది. మూడునాళ్ల ఆకలి నాలుగునాళ్లవుతుంది. జ్వరం ఒక డిగ్రీ పెరుగుతుంది. దానిని ఆ సంఘంలో ఎవరూ అబద్ధమనరు. వినేవారు ఆ మూరెడూ తామే తీసివేసుకుని, మిగిలినదానికి ఆమేన్ అంటారు. సాక్ష్యం నడుమ ఎవరూ లేవరు, తలుపు తీయరు. కాన్పు సగంలో ఉండగా లేచి వెళ్లిపోయే మంత్రసాని ఎక్కడైనా ఉంటుందా?

ఇంత తెలిసిన ఆర్డెల్లా అరవైఎనిమిదో ఏట చేసిన పొరపాటు, ఇంత తెలిసి ఉండబట్టే చేసింది.

వర్లీన్ ఆమె తమ్ముడి కూతురు. తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి నదిమీద సరకు పడవల్లో పనికి పోయి ఒక వరదలో తిరిగి రాలేదు. ఎనిమిదో ఏట మేనత్త ఇంటికి చేరిన ఆ పిల్ల పదకొండో ఏట సంఘంలో పాడినప్పుడు, చరణం అందించవలసిన సంఘపెద్ద డీకన్ మాస్ చరణమే మరిచిపోయి నోరు తెరుచుకు నిలబడ్డాడు. సంతోషంతో పాడినా ఆ గొంతులో ఎక్కడో ఒక ఊపిరి విరిగేది. ఆ విరుపు దగ్గరే జనం కళ్లు తుడుచుకునేవారు. పందొమ్మిదో ఏట వర్లీన్ ఆ గొంతును తీసుకుని పట్టణంలోని పాటల హోటళ్లకు వెళ్లిపోయింది. దేవుడి ముందు పాడేదానినే మనిషి ముందు పాడితే దానికి సోల్ అని పేరు పెట్టారు. నిట్టూర్పు అదే, చిరునామా మారిందని ఆర్డెల్లా అనుకుంది. కోపగించలేదు, వినడానికి వెళ్లనూ లేదు. సారా అమ్మే చోట సంఘపు మదర్ అడుగు పెట్టకూడదు.

అక్కడ వర్లీన్ ఒక ట్రంపెట్ వాయించేవాడిని పెళ్లాడింది. వాడు మూడేళ్లకు ట్రంపెట్‌తో సహా పడమటి తీరానికి పోయాడు. అటు పిమ్మట వర్లీన్ తాగడం మొదలుపెట్టింది. మొదట పాట ముందు, తరువాత పాట వెనుక, చివరకు పాట లేకుండానే. ఒక ఫిబ్రవరి నాటి ఉదయం బస్సు స్టాపు బల్లమీద పడి ఉందని కబురు వస్తే, ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్న ఆర్డెల్లా ఇస్త్రీపెట్టె అక్కడే వదిలి పరుగెత్తింది. తన కోటు కప్పి ఇంటికి తెచ్చుకుంది. నలభై రోజులు వెనుకగదిలో పెట్టుకుని, మజ్జిగా మొక్కజొన్న రొట్టే తినిపించింది. తిట్టింది, పక్కన కూర్చుంది, మళ్లీ తిట్టింది. ఆ నలభై రోజుల తరువాత వర్లీన్ చుక్క ముట్టలేదు.

ముట్టని మూడో నెలలో ఆమె పాట ఒకటి రికార్డుగా వచ్చింది. బస్సు ఆగేచోట నిలబడి, వచ్చిన ప్రతి బస్సునూ పోనిచ్చే ఒక స్త్రీ పాట అది. వేసవి ముగిసేసరికి ఆ పాట వినబడని మంగలి దుకాణం లేదు, కిటికీ తెరిచిన కారు లేదు. షికాగోలో వాయించారు, డెట్రాయిటులో వాయించారు. పేరు తెలియనివారు కూడా 'ఆ బస్సుపిల్ల' అనేవారు. రికార్డు కంపెనీవారి మనిషి గ్లీసన్ ఊరూరా కచేరీలు కుదిర్చాడు. పత్రికలవారు ఈగల్లా ముసిరారు. అందరికీ ఒకటే ప్రశ్న: ఇంత దుఃఖం ఆ గొంతులోకి ఎక్కడినుంచి వచ్చింది? వర్లీన్ నవ్వి ఊరుకునేది. ఆమె ఊరుకుంది గనుక వారు ఊరుకోలేదు.

అలా ఒక అక్టోబరు మధ్యాహ్నం షికాగో మాసపత్రికనుంచి లెస్టర్ హేన్స్ అనే యువకుడు ఆర్డెల్లా ఇంటికి వచ్చాడు. తమలాగే నల్లవాడు, మర్యాదస్థుడు, లోపలికి వస్తూనే టోపీ తీశాడు. ఉత్తరాదిలో పుట్టి పెరిగాడట. వాళ్ల సంఘంలో ప్రార్థన కూడా పుస్తకం చూసి చదువుతారట. ఆర్డెల్లా అతనికి పీచ్ పండ్లు కూరి కాల్చిన 'పై' అనే తీపి రొట్టె రెండుసార్లు వడ్డించింది. అతడు రెండుసార్లూ పళ్లెం నాకినంత పని చేసి, నోటుపుస్తకం తెరిచి, వర్లీన్ గురించి మీకు తోచింది చెప్పండి మేడమ్ అన్నాడు.

ఆర్డెల్లా మొదట గొప్పగా ఏమీ చెప్పలేదు. తమ్ముడి సంగతి, పిల్ల పెంపకం, నాలుగు మాటలు. కాని ఆమె నోటినుంచి మాట రాలడమే తడవుగా అతని కలం కదిలింది. ఆగితే ఆగింది. అరవైఎనిమిదేళ్ల బతుకులో ఆమె మాటను ఒకరు రాసుకోవడం అదే మొదలు. ఇస్త్రీ చేసిన దుప్పట్ల సంఖ్య తప్ప ఆమె గురించి ఎవరూ ఎన్నడూ ఏమీ రాయలేదు. ఆ కలం చూస్తూ ఉండగా ఆమె వెన్ను నిటారైంది, గొంతు దిగింది, చెయ్యి తనంతట తాను పైకి లేచింది. ఆదివారంనాడు నడవాలో నిలబడినట్లే వంటింట్లో నిలబడి ఆమె సాక్ష్యం అందుకుంది.

గుంటను బాగా తవ్వింది. బస్సు స్టాపు బల్ల మురుగుకాలువ అయింది. ఎండ కాసిన ఆ ఉదయాన మంచు కురిసింది. పిల్ల జేబులో దొరికిన సగం సీసా మొదట ఒకటయింది, తరువాత రెండయింది, గొంతు పైస్థాయికి చేరేసరికి మూడయింది. పిల్ల పెదవులు నీలమయ్యాయి, ఊపిరి ఉందో లేదో తెలియలేదు. "మూడు సీసాలు, నాయనా. మూడోది చేతిలో పట్టుకునే ఉంది. వేళ్లు విడదీయడానికి నా బలం చాలలేదు," అన్నది. ఇక గుంట అడుగు తగిలింది. ఇప్పుడు చెయ్యి దిగాలి. ఆమె ఊపిరి పీల్చుకుంది.

వీధిలో టాక్సీ హారన్ మోగింది. హేన్స్ గడియారం చూసుకుని లేచాడు.

"కూర్చో నాయనా," అన్నది ఆర్డెల్లా. "ఇంకా పిల్ల పైకి రాలేదు."

"విమానం వేళయింది మేడమ్. నాకు కావలసింది దొరికింది," అన్నాడతడు. మర్యాదగానే అన్నాడు. పీచ్ పై రుచిని మరొకసారి మెచ్చుకుని, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. సాక్ష్యం నడుమ మనిషి లేచి వెళ్లిపోవడం అంతవరకు చూడని ఆర్డెల్లా చేయి ఇంకా పైకెత్తే ఉంచి, అది ఎలా దించుకోవాలో తెలియక కొంతసేపు అలాగే నిలబడిపోయింది.

నవంబరులో పత్రిక వచ్చింది. లూ ఎస్తేర్ మేనకోడలి జుట్టు దువ్వే దుకాణంలో ఎవరో బిగ్గరగా చదువుతుండగా ఆర్డెల్లా విన్నది. కళ్లు మూసుకుని, నుదుట చెమటతో, నోరు సగం తెరిచి ఉన్న వర్లీన్ ఫోటో పేజీ నిండా వేశారు. పైన పెద్ద అక్షరాలలో 'మూడు సీసాల గొంతు' అని రాశారు. మురుగుకాలువ ఉంది, మంచు ఉంది, విడివడని వేళ్లు ఉన్నాయి. నలభై రోజులు లేవు. మజ్జిగ లేదు. ఏడు నెలలు అసలే లేవు. చదవడం ముగిసింది. లూ ఎస్తేర్, తల మీద జుట్టు సాపు చేసే వేడి దువ్వెన ఉండగానే, పక్కకు తిరగకుండా అన్నది.

"ముప్పైఏళ్లలో నువ్వు సాక్ష్యం సగంలో ఆపడం ఇదే మొదటిసారి, ఆర్డెల్లా. అదీ దేశమంతా వింటుండగా."

"నేను ఆపలేదు. అతను లేచి వెళ్లిపోయాడు."

"నా దగ్గరికి వచ్చి ఉంటే ఇంత జరిగేది కాదులే. నా సాక్ష్యానికి నా మొగుడే నిద్రపోయేవాడు. ఆ కుర్రాడు ఒక్క సీసా కూడా రాసుకునేవాడు కాదు."

మూడోనాడు ఫోను మోగింది. ఎక్కడినుంచో, వెనుక ఎవరో డ్రమ్ములు సరిచేసుకుంటున్న చప్పుడు.

"డెల్లా అత్తా, ఒక్కటి అడుగుతాను చెప్పు," అన్నది వర్లీన్. "ఆ మూడో సీసా ఎక్కడిది?"

ఆర్డెల్లా ఫోను మరో చెవికి మార్చుకుంది.

"నా జేబులో ఉన్నది ఒకటి. అదీ సగం. రెండోది బల్ల కింద దొరికిందనుకుందాం. మూడోది?"

"సాక్ష్యంలో అంతే కదమ్మా. వినేవాళ్లు తీసేసుకుంటారు."

"వినేవాడు షైలోవాడు కాదత్తా. వాడు తీసెయ్యలేదు. ఉన్నది ఉన్నట్టు అచ్చేశాడు. పైగా మంచు కూడా కురిపించావు. ఆ వేళ ఎండ. నువ్వు కోటు కప్పితే నాకు ఉక్కపోసింది."

నవ్వు వచ్చే మాటే. కాని ఎవరూ నవ్వలేదు. వర్లీన్ గొంతు తగ్గించి చెప్పింది. మొన్న క్లీవ్‌లాండులో కచేరీకి ముందు గదిలోకి వెళ్లేసరికి అద్దం ముందు పదకొండు సీసాలున్నాయట. అభిమానులే పంపారు. రిబ్బన్లు కట్టారు, చీటీలు రాశారు, నీ దుఃఖానికి మా ప్రేమ అని. గది మార్చమంటే మార్చారు. ఆ గదిలో మరో రెండు ఉన్నాయి. సెయింట్ లూయిస్‌లో ఒకాయన వేదిక అంచుదాకా వచ్చి తన గ్లాసే అందించాడు. తీసుకోలేదని జనం నిరాశపడ్డారు. గ్లీసన్ ఆ పత్రిక పేజీని పెద్దదిగా అచ్చు వేయించి ప్రతి హాలు ముందూ కట్టిస్తున్నాడు.

"వాళ్లు నా పాట వినడానికి రావడం లేదత్తా. ఎప్పుడు పడతానో చూడ్డానికి వస్తున్నారు. పడేదాకా నాకు డబ్బిచ్చేటట్టున్నారు."

"తాగావా?" అని అడిగింది ఆర్డెల్లా. అడగకూడదని అడిగిన క్షణమే తెలిసింది.

వర్లీన్, మళ్లీ ఫోను చేస్తానులే అని పెట్టేసింది. తొమ్మిది వారాలు చేయలేదు.

ఆ తొమ్మిది వారాలు ఆర్డెల్లా తిన్న అన్నం ఒంటపట్టలేదు. మొదట తప్పంతా ఆ కుర్రాడి మీద వేసింది. పత్రికకు మూడు పేజీల ఉత్తరం రాసింది, మిగిలిన సగం వేయమని. టైపు చేసిన జవాబు వచ్చింది: మీ మాటలు పాఠకులను కదిలించాయి, స్థలాభావంవల్ల మరల ప్రచురించలేకపోతున్నాము, హేన్స్‌గారు మీ పీచ్ పైని మరువలేదు. ఆ కాగితం చింపి పొయ్యిలో వేసింది. తరువాత తప్పు గ్లీసన్ మీద వేసింది. గోరంతను కొండంత చేసి అమ్ముకునేవారి మీద, అది కొనేవారి మీద వేసింది. వారందరికీ అది తగినదే. కాని మోకాళ్లమీద కూర్చున్నప్పుడు వారి పేర్లు ఎన్ని చెప్పినా బరువు తగ్గలేదు.

ఒక ఉదయం, ప్రార్థన సగంలో, తాను హేన్స్‌కు చెప్పబోయిన రెండో సగం ఎలా ఉండేదో ఆమెకు గుర్తుకొచ్చింది. పిల్లను పైకి లాగే చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదని చెప్పబోయింది? కోటు కప్పినది ఎవరు, మజ్జిగ తాగించినది ఎవరు? దేవుని పేరు చివర వచ్చేది, నిజమే. ఉత్తరం చివర సంతకంలా. ఆ కథ నిండా కనిపించేది ఆర్డెల్లా మాక్లిన్. గుంట పిల్లది, దానిని లోతు చేసినది తన చెయ్యి పొడవు చూపడానికి. అసలు వర్లీన్ సాక్ష్యాన్ని వర్లీన్ నోట తప్ప మరొకరి నోట పలికే హక్కు ఏ సంఘంలోనూ ఎవరికీ లేదు. ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. కలం కదులుతుంటే ఆమె మరిచిపోయింది. ఆ పూట ప్రార్థన అక్కడే ఆగిపోయింది. ఆమేన్ కూడా అనలేదు.

జనవరి ఆఖరి వారంలో ఊరంతా కాగితాలు అంటించారు. వర్లీన్ సొంతఊళ్లో కచేరీ, శనివారం, పెద్ద హాలులో. టికెట్లు రెండు పోస్టులో వచ్చాయి. వాటితో ఉత్తరం లేదు. ఆర్డెల్లా వెళ్లలేదు. లూ ఎస్తేర్ మేనకోడలు వెళ్లింది. మరునాడు మొదటి ఆదివారం. చర్చి మెట్లమీద ఆ మేనకోడలు చెప్పిన మాట విని ఆర్డెల్లా ఎక్కుతున్న మెట్టుమీదే ఆగింది. పియానో మీద ఒక సీసా పెట్టారట, దానిమీద ప్రత్యేకంగా ఒక దీపం వేశారట. గ్లీసన్ ఏర్పాటు. పాట పాటకూ జనం ఆమెను కాక సీసాను చూశారట. పాట అయ్యాక వర్లీన్ ఎటు పోయిందో ఆ పిల్లకు తెలియదు. తాగిందో లేదో అంతకంటె తెలియదు.

ఆరాధన మొదలయ్యాక వెనుక తలుపు తెరుచుకుంది. మొదటి వరుసలో కూర్చునే మదర్లు వెనుదిరిగి చూడరు, చూడనక్కరలేదు. సభ మొత్తం ఒక్కసారి ఊపిరి బిగబట్టిన తీరునుబట్టి వచ్చింది ఎవరో ఆర్డెల్లాకు తెలిసింది. ఆ వెంటనే బూట్ల చప్పుళ్లు, కెమెరాల క్లిక్కులు. తెల్లని తొడుగులు వేసుకున్న డీకన్ మాస్ వారిని వరుసగా ఆపి, ఇది కచేరీ కాదు నాయనలారా అంటూ కెమెరాలు బల్లకింద పెట్టించి, చేతికి తలొక కాగితపు విసనకర్ర ఇచ్చి కూర్చోబెడుతున్న మాటలు వినబడ్డాయి. గ్లీసన్‌కూ ఒకటి ఇచ్చాడట. వచ్చినవారిలో షికాగో అబ్బాయి కూడా ఉన్నాడని లూ ఎస్తేర్ పెదవులు కదపకుండా చెప్పింది. ఆమె తిరిగి చూసింది; ఆమెకు ఏ కట్టుబాటూ పూర్తిగా అంటదు.

"పిల్ల ఎలా ఉంది?" అని ఆర్డెల్లా అడిగింది.

"నల్లకళ్లద్దాలు. ముదురు పచ్చ గౌను. ఆఖరి బల్ల. చిక్కిపోయింది. నిటారుగానే కూర్చుంది."

సాక్ష్యాల వేళ వచ్చింది. ఎవరైనా ఉన్నారా అని డీకన్ మాస్ అడగడం ఆనవాయితీ. ఆర్డెల్లా లేవడం అంతకంటె పెద్ద ఆనవాయితీ. ఆమె లేచింది. నడవాలోకి వచ్చి సభవైపు తిరిగింది. ఆఖరి బల్లమీద పచ్చగౌను కనబడింది. ముఖం కనబడలేదు. చెయ్యి అలవాటుగా పైకి లేవబోతే, ఆమె దానిని రెండో చేత్తో పట్టుకుని ఆపింది.

"నేనొక గుంటలో ఉన్నాను," అన్నది. ఆమె గొంతు దిగలేదు, ఎగరలేదు. వంటింట్లో పక్కింటామెతో మాట్లాడినట్లు ఉంది. "ఈ వేళ దీన్ని ఎక్కువ తవ్వను. ఉన్నంతే చెప్తాను."

సభ, చెప్పు మదర్, అని గొణిగింది.

"మా ఇంటికి ఒక అబ్బాయి వచ్చాడు. నా మాట రాసుకున్నాడు. రాసుకుంటే నాకు బాగుంది. ఇంకా రాయించుకోవాలనిపించింది. నాది కాని సాక్ష్యం తీసుకుని, నాదే అన్నట్టు చెప్పాను. సీసా ఒకటే. అదీ సగం. తక్కిన రెండున్నరా నేను పోసినవి. మంచు లేదు. మురుగుకాలువ లేదు. అది బస్సు స్టాపు బల్ల, ఎండ కాస్తోంది. నా కోటు వేస్తే పిల్లకు ఉక్కపోసింది."

ఎవరో పకాలున నవ్వి ఆపుకున్నారు. విసనకర్రలు ఆగిపోయాయి.

"నేను పోసిన సీసాలు ఊరూరా దాని గదిలోకి చేరుతున్నాయి. నిన్న పియానో మీదికి కూడా ఎక్కాయి. ఆ గుంట పిల్లది కాదు, నాది. దీంట్లోనుంచి నన్నింకా ఎవరూ పైకి లాగలేదు. లాగినట్టు చెప్తే అది మరో సీసా అవుతుంది. అందుకని ఇక్కడ ఆపుతున్నాను."

అని వెళ్లి కూర్చుంది.

న్యూ షైలో పుట్టినది మొదలు ఎవరూ సాక్ష్యాన్ని గుంటలో వదిలి కూర్చోలేదు. ఆమేన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఎవరైనా చెప్పలేక తడబడితే ఒకరు పాట అందుకుని వారిని ఒడ్డుకు చేర్చడం వాడుక. కాని ఆమె తడబడలేదు, చెప్పవలసినది చెప్పి ఆపింది. డీకన్ మాస్ ముందుకు ఒక అడుగు వేసి వెనక్కు తీసుకున్నాడు. పాస్టరుగారు బైబిలు తెరిచి మూశారు. లూ ఎస్తేర్ ఆర్డెల్లా మోచేతిని పట్టుకుంది; పోటీ మానిన చెయ్యి అది.

వెనుక బల్ల కిర్రుమంది. మడమల చప్పుడు నడవాలో నెమ్మదిగా ముందుకు వచ్చింది. ఎవరో నిషేధం మరిచి కెమెరా తీశారు. పియానో వాయించే సిస్టర్ ఎవా ఆ నడక తెలిసినదై, పాత అలవాటుతో శ్రుతి కోసం ఒక మెట్టు నొక్కింది. జనం ముందుకు వంగారు. దేశమంతా డబ్బు పోసి వినే గొంతు ఊరకే వినబడబోతున్నది.

వర్లీన్ సిస్టర్ ఎవా వైపు చూసి, వద్దన్నట్లు తల అడ్డంగా తిప్పింది. కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆర్డెల్లా ఆ కళ్లను ఒక వైద్యుడిలా, ఒక దొంగలా, ఒక తల్లిలా వెదికింది. నిద్రలేని ఎరుపు అది. మరొకటి కాదు. ఆమె తొమ్మిది వారాల ఊపిరి వదిలింది.

"నా గుంట మా అత్త చెప్పేసింది. ఎక్కువే చెప్పింది," అన్నది వర్లీన్. ఆ గొంతులో పాట లేదు. పొద్దున లేచి కాఫీ తాగని మనిషి గొంతు. "మిగతాది నాది గనక నేనే చెప్తాను. నిన్న వాళ్లు సీసా పియానో మీద పెట్టారు. నేను చూడలేదని చెప్పను. పాట పాటకూ చూశాను. మూడో పాటలో వాసన కూడా వచ్చింది. మూత తీయలేదు, అయినా వచ్చింది. తాగాలనిపించింది. తాగలేదు. పది నెలలా పదకొండు రోజులు అయింది. ఇవాళ్టి సంగతి ఇంకా తెలీదు. సాయంత్రం దాకా బతికాక చెప్తాను."

ఆగింది. ఒడ్డున నిలబడి కేక వేస్తే సాక్ష్యం నిండుతుంది. ఆమె ఆ కేక వేయలేదు.

"పైకి వచ్చేశానని చెప్పమంటే చెప్పలేను. ఒక కాలు వచ్చింది. చెయ్యి పట్టుకునే ఉంది, అది మాత్రం వదల్లేదు. ఇంతే ఉంది నా దగ్గర. పత్రికలవాళ్లు ఇదే రాసుకోండి. దీనికి ఫోటో అక్కర్లేదు."

వెనుకనుంచి ఒక ముసలాయన, నిదానం తల్లీ, నిదానంగా రా, అన్నాడు. ఆ మాట బల్లనుంచి బల్లకు పాకింది. సగం సాక్ష్యానికి అనవలసిన మాట అదేనని అప్పటికి అందరికీ తోచింది. షికాగో అబ్బాయి కలం కదిలిందో లేదో ఆర్డెల్లా చూడలేదు. ఈసారి ఆ వైపే చూడకూడదనుకుంది.

వర్లీన్ వెనక్కు పోలేదు. మొదటి వరుస దగ్గర నిలబడి, లూ ఎస్తేర్‌తో కొంచెం జరగమన్నది. ఇది తెల్లబట్టల బల్ల అని లూ ఎస్తేర్ గొణిగింది, గొణుగుతూనే జరిగింది. మదర్ల నడుమ పచ్చగౌను కూర్చుంది. డీకన్ మాస్‌కు ఇక చేయవలసిన పని తెలిసింది. ఆయన కళ్లు మూసుకుని, శ్రుతి ఏమాత్రం లేని గొంతుతో పాత కీర్తన చరణం ఒకటి అందించాడు. సభ దానిని అందుకుని, ఎప్పటివలెనే నత్తనడకన సాగదీసింది. వర్లీన్ కూడా పాడింది, పక్కవారికంటె పైకి పోకుండా. తొంభై గొంతుల్లో ఆ విరిగే ఊపిరి ఎక్కడుందో భుజం తగిలేంత దగ్గరున్న ఆర్డెల్లాకు కూడా విడిగా వినబడలేదు.

మొదటి చరణానికీ రెండోదానికీ నడుమ ఆమె మెల్లగా అడిగింది.

"కోపం పోయిందా?"

"పోలేదు," అన్నది వర్లీన్, ముందుకే చూస్తూ. "ఇంట్లో ఏం వండావు?"

"చిక్కుడుగింజలు. మొక్కజొన్న రొట్టె."

"సాయంత్రం దాకా ఉంటాను. గ్లీసన్‌తో మాట్లాడాలి. పియానో మీద ఇకనుంచి మంచినీళ్ల గ్లాసు తప్ప ఏదీ ఉండకూడదని. కాదంటే పాడనని. నువ్వు పక్కన కూర్చో. ఒక్క మాట కూడా మాట్లాడొద్దు."

"మాట్లాడను," అన్నది ఆర్డెల్లా.

"నువ్వు మాట్లాడకుండా ఉండడం నేనెప్పుడూ చూళ్లేదత్తా," అని, డీకన్ మాస్ రెండో చరణం అందించగా వర్లీన్ సభతో కలిసి నోరు తెరిచింది.